కత్తికి తెగిన మట్టి

పూనా అవతలి కొండలకు నేను కాలినడకన పోయి వచ్చానని మా మిర్యాలగూడలో చాలామంది నమ్ముతున్నారు. నేనే చెప్పాను మరి. నిజానికి పోయింది బస్సులోనూ రైల్లోనూ. నడిచింది కొండ మీద ఒక్క పూట, అదీ కర్ర పట్టుకొని. మీలో ఎవరైనా ఆ దారిన పోదలిస్తే పనికొస్తుందని ఈసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఎక్కడైనా చెయ్యి జారితే అక్కడికక్కడే ఒప్పుకుంటాను.

ఈ ప్రయాణానికి కారణం మా అల్లుడు. నడిగూడెంలో అతనిది మంచి నల్లరేగడి. రెండేళ్లు వరసగా వాన మొహం చాటేసింది. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, ఆ కొండల్లో రోడ్డు పని చేసి వచ్చినవాడొకడు అల్లుడి చెవిలో ఊదాడు: అక్కడ వానకు కొదవ లేదు, మట్టి వెన్నలా ఉంటుంది, భూమి అగ్గువ. ఆ రాత్రి నుంచి అల్లుడికి రేగడి చేదైంది. కొనడానికి కోదాడ షావుకారు సిద్ధంగా ఉన్నాడు.

"మామా, నువ్వు చూసి రా. ఆ మట్టి కూడా కాస్త మూటగట్టి తీసుకురా. నువ్వు బాగుందంటే అమ్మేస్తా," అన్నాడు అల్లుడు.

మా బిడ్డ బండి దాకా వచ్చింది. "నాయిన, నువ్వు మేకను సూసి ఏనుగంటవ్. గీ ఒక్కసారి జర ఉన్నది చెప్పు. ఈ భూమి పోతే నా పిల్లలు ఎవరి చేన్లకు కూలికి పోవాలె?" అంది.

నవ్వేశాను. కాని ఆ మాట నాతోపాటే బండెక్కింది.

కార్తీకం. తెల్లవారేసరికి కోదాడ చేరాను. మునగాలలోనూ బస్సు ఎక్కవచ్చు గాని కూర్చునే చోటు కావాలంటే కోదాడే మేలు. పొద్దు బారెడెక్కాక సూర్యాపేటలో బస్సు ఆగింది, చాయ తాగాను. మధ్యాహ్నానికి హైదరాబాదు, సాయంత్రం నాంపల్లిలో రైలు, రాత్రి వాడీలో దిగి బొంబాయి బండి. ఒక ముఖ్యమైన సంగతి: మన నిజాం హాలీ సిక్కా అటు చెల్లదు, ఇండియా కల్దార్ రూపాయలు దగ్గర పెట్టుకోండి. నడిగూడెం ఎట్లాగూ మద్రాసు వాళ్ల పరగణా కనుక అల్లుడే మార్చి ఇచ్చాడు. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టుకుపోతే మూడు పూటలకు బెంగ లేదు.

వాడీలో నా పక్కన కూర్చున్నతను షోలాపూరులో మగ్గం నేసే మన తెలుగు సాలె. తాతల నాడు సూర్యాపేట దిక్కు నుంచే పోయారట. తెల్లవారాక కిటికీలోంచి నల్లటి నేల చూపించాడు.

"సూడు పెద్దాయనా, నల్లరాయి, నల్లమట్టి. ఈ రాయంత ఎన్కట భూమిలకెల్లి అగ్గోలె పొంగిందట. మా దిక్కు పంతులు చెప్పిండు."

"అయితే కొండల మీద గూడ నల్లమట్టేనా?"

"కాదు. ఆడ ఎర్రది."

"రాయి వేరేనా?"

"రాయి గిదే."

"మరి గదెట్ల?"

"ఆడ వాన జాస్తి. ఒక్క తల్లికి ఒకడు నల్లగ, ఒకడు ఎర్రగ పుట్టరా ఏంది?"

నాకు తల తిరిగింది. మా దగ్గర నల్లమట్టి అంటే కలిగిన ఇల్లు, ఎర్రచెలక అంటే గంజి ఇల్లు. బిడ్డను ఇచ్చేటప్పుడు పిల్లగాణ్ణి తర్వాత చూస్తాం, ముందు వాళ్ల మట్టి రంగు చూస్తాం. ఒకే రాయి కలిమినీ లేమినీ రెంటినీ కంటే ఇక మనిషి దేన్ని నమ్మాలి? పైగా ఆ ఎర్రదాని కోసమే అల్లుడు నల్లదాన్ని అమ్ముతానంటున్నాడు.

పూనాలో రాత్రి ధర్మశాలలో పడుకొని, పొద్దున కొండల బస్సు ఎక్కాను. కొండలు మెట్లు మెట్లుగా ఉన్నాయి, ఎవరో రొట్టె మీద రొట్టె పేర్చినట్టు. పైన పొగమంచు. అక్కడ నాకు పులి ఎదురైందని మీరు వినే ఉంటారు. అది బర్రె. మంచులో బర్రె కూడా తక్కువదేం కాదు.

రోడ్డు కోసం తొలిచిన గట్టు దగ్గర నిలబడి చూశాను. అడుగున నల్లరాయి. దాని మీద అదే రాయి కుళ్లి, ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడుతోంది. ఆ పైన పసుపు, ఆ పైన ఎరుపు. ఆ ఎరుపు మీద ఆకాశం కనపడనంత అడవి. నా కళ్లు చెదిరాయి. అల్లుడి మాటే నిజమనిపించింది.

అడవి దాటగానే ఒక చేను. తైదలు, అదే రాగులు, అవీ బక్కచిక్కి, మోకాలెత్తు కూడా లేవు. చేను ఆసామికి నా ఉర్దూ సగం, అతని ఉర్దూ నాకు సగం అర్థమయ్యాయి.

"పక్కన అడవి గింత బలంగ ఉన్నది, నీ చేను ఎందుకిట్ల?" అని అడిగాను.

"చెట్లు కొట్టిన ఏడు బాగా పండుతుంది. మరుసటేడు సగం. ఆ తర్వాత ఇంకో చోట కొడతాం," అన్నాడు. నాకు అర్థమైనంత వరకు అదే.

నా మూట కోసం ఆ చేను పక్క గట్టులో కత్తి పెట్టాను. మీ మీద ఒట్టు, ఆ ఎర్రమట్టి జున్నులా తెగింది. ఇటుకంత ముక్క కోసి పంచెలో చుడుతుంటే అతను నా ముక్కను వేలితో తట్టాడు, తర్వాత పక్కనే ఉన్న తన ఇంటి గోడను తట్టాడు, ఏదో అన్నాడు. గోడ చిల్లులు చిల్లులున్న ఎర్రరాయి. ఏం చెప్పాడో తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపాను. నాకది అలవాటు.

తిరుగుదారిలో చలిజ్వరం పట్టుకుంది. షోలాపూరులో, పోయేటప్పుడు ఇంటి గుర్తులు చెప్పిన ఆ సాలె ఇంట్లోనే దాదాపు నెల పడి ఉన్నాను. అతని భార్య కన్నకూతురిలా చూసింది. తడిమట్టి మూటలో ఉంటే మురుగుతుందని, విత్తనాలు ఆరబెట్టినట్టు ముక్కను వాళ్ల మిద్దె మీద ఎండకు పెట్టించాను. మన దగ్గర ఏ రైతైనా అదే చేస్తాడు.

సూర్యాపేటలో ఆ రోజుల్లో కమ్యూనిస్టుల కోసం బస్సు ఆపి సోదా చేసేవారు. సిపాయి నా మూటలో ఏముందని అడిగాడు. మిట్టీ అన్నాను. తుపాకీ మడమతో తట్టాడు. ఠంగుమంది. "ఇది మిట్టీయా?" అన్నాడు. నేనూ తట్టాను. మళ్లీ ఠంగుమంది. అంతకంటే తెల్లబోయిన సందర్భం నా బతుకులో లేదు.

వెనక సీటు ముసలమ్మ, "రాళ్లు కావాలంటే మా ఊర్లె లేవా అయ్యా, గంత దూరం పోయినవ్?" అంది. బస్సంతా నవ్వారు. సిపాయి కూడా నవ్వి వదిలేశాడు.

అల్లుడు కోదాడలో బండితో ఉన్నాడు. నడిగూడెం చేరగానే గిన్నెలో నీళ్లు పోశాడు. మా వాళ్ల పరీక్ష అది: మట్టిగడ్డను నీళ్లలో వేస్తారు. రేగడిగడ్డ వక్క నమిలేలోపు కరిగి కూలుతుంది. నేను తెచ్చింది రెండు బుడగలు వదిలి కూర్చుంది. మర్నాడు పొద్దున చూస్తే స్నానం చేసిన రాయిలా ఇంకా శుభ్రంగా ఉంది.

"మామా, మట్టి తెమ్మంటే రాయి తెచ్చావు."

"అల్లుడా, నేను కోసినప్పుడు మెత్తగ ఉండె. కత్తితోని కోసిన, జున్నులెక్క."

"కత్తితోనా? పులి కూడా కనపడిందా?"

పులి సంగతి ముందు రాత్రే చెప్పి ఉన్నాను.

"ఉన్నది ఇదేగా. నీళ్లకు కరగని నేలను నేనేం దున్నాలి? షావుకారుకు వద్దని చెప్పేస్తాను," అని అల్లుడు ఎద్దులకు మేత వేయడానికి లేచాడు.

మర్నాడు బిడ్డే నన్ను కోదాడ బస్సు దాకా సాగనంపింది.

"నాయిన, నిజంగ కత్తితోని కోసినవా?"

"నీ మీద ఒట్టు బిడ్డా. మెత్తగనే ఉండె. ఆడి మనిషి గోడను తట్టి చూపిండు, అప్పుడు నాకు సమజ్ కాలే. తవ్వి ఎండకేస్తే గట్లయితదేమో. అడవి కింద ఉన్నన్ని దినాలు మెత్తగనే ఉంటదేమో. నాకేం తెలుస్తలేదు."

"నేను నమ్ముతున్న," అంది. ఆ వెంటనే, "కాని ఆయనకు మల్ల చెప్పకు," అంది.

నన్ను నిజం చెప్పమన్నదీ తనే, చెప్పొద్దన్నదీ తనే. సరేనన్నాను.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సు. కిటికీలోంచి కొంత నల్లనేల, కొంత ఎర్రచెలక, మళ్లీ నల్లది. ఇన్నాళ్లూ నాకు దేని విలువ ఏమిటో తెలుసుననుకున్నాను. ఇప్పుడు రెంటినీ ఒకేలా, కొత్తవాడిలా చూస్తూ కూర్చున్నాను. రాయిని సగం పగలగొట్టి బిడ్డ నా మూటలో పెట్టింది. అది ఒళ్లో బరువుగా ఉంది.

పక్కనున్నాయన మూట చూసి, "ఏంది పెద్దాయనా, గంత పదిలంగ పట్టుకున్నవ్?" అన్నాడు.

దాని గురించి చెప్పడానికి నా దగ్గర అగ్గి ఉంది, కొండలున్నాయి, కత్తి ఉంది. కావాలంటే పులీ ఉంది.

"రాయి," అన్నాను.

"ఏం రాయి?"

"ఉత్త రాయే."

ఆయన నమ్మాడు.