మొయినుద్దీన్ వోల్టేజీ గీత

చిట్యాలలో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగు చేసే మొయినుద్దీన్‌కు ఏ సంగతైనా గీతగా గీస్తే తప్ప తలకెక్కదు. ఒకసారి పెళ్లాం ఖమర్ కోపాన్ని కూడా నెల రోజులు కాగితం మీద ఎక్కించాడు. ఖమర్ అది చూసి చింపేసింది. చింపిన రోజు కోపం ఎంత ఎత్తుకు పోయిందో గుర్తు పెట్టుకొని మర్నాడు మళ్లీ గీశాడు.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఎండాకాలంలో కరెంటు మీద పడ్డాడు. వోల్టేజీ మీటరు చూడడం, ఐదు నిమిషాలకొక చుక్క పెట్టడం, చుక్కల్ని కలపడం. బొగ్గుతో, గోడ మీద. మధ్యాహ్నానికి గోడ అయిపోయింది, గీత అయిపోలేదు. పక్కనున్న దర్జీ భిక్షం దుకాణం గోడ మీదికెక్కి, అతని తలుపు మీదికి పాకింది. భిక్షం తలుపు తీస్తే కరెంటు రెండు ముక్కలైంది.

"మొయిన్ భాయ్, నీ కరెంటు నా దుకాన్లకెందుకొస్తాంది?"

"జర ఓర్సుకో. పొద్దు గూకేసరికి నీ దుకాణం దాటిపోతది."

మూడు రోజుల తర్వాత మొయినుద్దీన్‌కు తట్టింది. చెయ్యి ఒక్కచోటే ఉండాలి, కాగితం నడవాలి. ఒక పెట్టెకు అద్దం బిగించి రోడ్డు వైపు తిప్పాడు. లోపల రెండు కర్రలు నిలబెట్టాడు. ఒకటి ఖమర్ చపాతీ కర్ర. పాత పరీక్ష కాగితాల్ని మైదాపిండితో అతికించి వాటికి చుట్టాడు. కుడి అంచున చుక్క పెట్టి పిడి తిప్పితే గీత ఎడమకు జరుగుతుంది. పొద్దుటి కరెంటు ఎడమ కర్రకు చుట్టుకొని మాయమవుతుంది. బజారు బజారంతా వచ్చి చూసింది. ఆ ఇంట్లో చపాతీలు మాత్రం బందయ్యాయి.

ఎండాకాలం వైండింగు వాళ్లకు పండుగ. వోల్టేజీ పడిపోతే బావుల మీద మోటార్లు కాలతాయి, బండ్లెక్కి దుకాణానికి వస్తాయి. ఆ ఏడు ఒక్క బండీ రాలేదు. పిచ్చోని దుకాణానికి ఎవరొస్తారని ఖమర్ రోజూ అడిగేది. ఆయన చుక్క పెట్టి పిడి తిప్పేవాడు.

అంతలో మహబూబ్‌నగర్‌లో మేనకోడలి పెళ్లి వచ్చింది. ఐదు నిమిషాలకొక చుక్క మరవొద్దని ఖమర్‌కు పదిసార్లు చెప్పి బస్సెక్కాడు. బస్సు కదలగానే ఖమర్ పెన్ను పక్కన పారేసి, చేతులు కట్టుకొని కూర్చుంది.

అరగంటకు సుగుణమ్మ వచ్చింది. ఊరి చివర ఆమెకు బత్తాయి తోట ఉంది. నిరుడు మోటారు రెండుసార్లు కాలి సగం చెట్లు ఎండిపోయాయి. ఈసారి కాలితే మిగతా సగం కూడా పోతుంది. వోల్టేజీ సరిగ్గా లేక నీళ్లు పెట్టి నాలుగు రోజులైంది.

"గీత ఎందుకాగింది ఖమరమ్మా?"

మీటరు ఉంది కదా, చూసుకొని పొమ్మంది ఖమర్.

"మీటరు ఇప్పుడెంతో చెప్తది. ఎటు పోతాందో గీతనే చెప్తది. కిందికి వంగుతుంటె మోటరు ఎయ్యకు, కాలబెట్టుకొని నా దుకాన్లకు రాకు అన్నడు మీ ఆయన. తోటలోళ్లందరికి గదే చెప్పిండు."

బండ్లు ఎందుకు రాలేదో ఖమర్‌కు అప్పుడు తెలిసింది. ఇంత కాలం తను కాపురం చేస్తున్నది గిరాకీని వాకిట్లోంచే తిప్పి పంపే మనిషితో. మొగుణ్ని మనసులో ఉర్దూలో నాలుగు, తెలుగులో నాలుగు తిట్టింది. తర్వాత పెన్ను తీసుకొని చుక్క పెట్టింది.

రెండో చుక్క కిందికి వచ్చింది. మూడోది ఇంకా కిందికి.

"ఆగక్కా. వంగుతాంది," అని చాయ్ పోసి ఇచ్చింది.

నాలుగోది నిలబడింది. ఐదోది లేచింది. ఆరోది ఇంకా పైకి పోయింది.

"ఇగ ఎయ్యి. ఉరుకు."

సుగుణమ్మ గ్లాసు కింద పెట్టి ఉరికింది. సాయంత్రానికి అద్దం ముందు ఎనిమిది మంది రైతులు చేరారు. ఖమర్ ఒకరిని ఆపుతోంది, ఒకరిని పంపుతోంది.

రెండు రోజులకు మొయినుద్దీన్ తిరిగొచ్చాడు. సంచీ దించకుండానే కాగితం విప్పి చూశాడు. మొదటి అరగంట తప్ప ఎక్కడా ఖాళీ లేదు. సంతోషం పట్టలేక పెన్ను కోసం చెయ్యి చాచాడు.

ఖమర్ ఇవ్వలేదు.

"భిక్షం పంక పంపిండు, కాలిందంట. అద్గో, ఆ మూలకున్నది. నువ్వు పోయి గా పని చూస్కో," అంది. "తోటలోళ్లు నన్నడుగుతున్నరు."