నర్సింహ సార్ చెప్పిన సమాజశాస్త్రం

నిన్న ఉదయం మంచాల బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, ఒక లవంగం బుగ్గన పెట్టుకున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగిలింది. ఇబ్రహీంపట్నం వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కాలేజీలో మా నర్సింహ సార్ తరగతిలోకి అడుగు పెట్టకముందే ఆ వాసన వచ్చేది. ఆయనకు దవడ పన్ను నొప్పి. దవాఖానకు పోయి పీకించుకునే తీరిక ఎన్నడూ దొరకలేదు. లవంగం బుగ్గన పెట్టుకుని మూడేళ్లపాటు మాకు సోషియాలజీ చెప్పారు.

మాది ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. కింద రంగుల దుకాణం, పైన మా తరగతి గదులు. బి.ఎ.లో పదకొండు మందిమి. వేరే ఎక్కడా సీటు దొరక్క చేరినవాళ్లమే ఎక్కువ. మొదటి రోజు సార్ వచ్చి, పుస్తకం తెరవకుండా మమ్మల్ని చాలాసేపు చూశారు. "మీరు పదకొండు మంది గుంపా, సమూహమా?" అని అడిగారు. మాకు తేడా తెలియదు. "బస్టాండుల నిలవడ్డోళ్లు గుంపు. ఒకడు రాకుంటే ఇంకొకడు ఎందుకు రాలేదని అడుగడు. రానోని గురించి అడిగెటోడు ఉంటేనే సమూహం" అన్నారు. ఆ రోజు నుంచి హాజరు వేసేటప్పుడు, రానివాళ్లు ఎందుకు రాలేదో మాలో ఒకరు చెప్పాల్సిందే. చెప్పలేకపోతే సార్ పాఠం మొదలుపెట్టేవారు కాదు. మొదట్లో విసుగు పుట్టింది. నెల తిరిగేసరికి ఎవరి తల్లికి జ్వరమో, ఎవరి బర్రె ఈనిందో అందరికీ తెలిసేది.

అంతస్తుల పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. "మా నాయన ఊరోళ్ల బట్టలుతికిండు. నేను పుట్టంగనె ఊరు నా నెత్తి మీద ఒక మూట పెట్టింది. గది ఆపాదిత అంతస్తు. ఈ చాక్‌పీసు నేను సదువుకొని తెచ్చుకున్న. గిది సాధించిన అంతస్తు" అన్నారు. నేను లేచి, "సార్, మీరు ఊర్లకు పోతె వాళ్లకు ఏది కనవడ్తది?" అని అడిగాను. అడిగాక భయం వేసింది. ఆయన లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నారు. "మూటనే, మంజులా" అన్నారు. "పుట్టుకతోటి వచ్చింది మార్చుకోవచ్చు. కాని ఊరు ఊకోదు. మార్చుకున్నోడు ఒక్కడే కాదు, వాని ఇంట్లోళ్లందరు దాని బరువు మోస్తరు. రెండూ రాసుకోండ్రి."

నేను రెండూ రాసుకున్నాను. ఇంట్లో మాత్రం ఒకటే చెప్పాను. మా ఊరు మంచాల మండలంలో ఉంది. మాది చేపలు పట్టే కుటుంబం. మా కవిత అక్క పదో తరగతితో చదువు ఆపి ఇంట్లో జాకెట్లు కుట్టేది. రోజూ సాయంత్రం, కాలేజీలో ఏం చెప్పారని నన్ను అడిగేది. ఆ రోజు మిషన్ ఆపి, "నిజంగ మార్చుకోవచ్చన్నడా సార్?" అంది. "అవ్. మార్చుకోవచ్చన్నడు" అన్నాను. అన్నీ తెలిసినదాన్నన్న గర్వంతో అన్నాను. తర్వాతి వాక్యం చెప్పాలని నాకు తోచనే లేదు.

రెండు నెలల తర్వాత అక్క కోహెడకు చెందిన ఒక ఆటో డ్రైవర్‌ను పెళ్లి చేసుకుంది. అతనిది మా కులం కాదు. కుల పెద్దలు కూర్చుని, బిడ్డ చచ్చిపోయిందని పిండం పెట్టమని బాపును అడిగారు. "బతికున్న బిడ్డకు పిండమెట్ల పెడ్త?" అన్నాడు బాపు. ఆ ఒక్క మాటకు మమ్మల్ని వెలివేశారు. చెరువులో వల దించేటప్పుడు బాపును పిలవడం మానేశారు. మాతో మాట్లాడిన ఇంటినీ వెలివేస్తామన్నారు. అమ్మ నల్లా దగ్గరికి పోతే ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తిని పెరిగిన మేనత్త కూడా తల వంచుకుని వెళ్లిపోయింది.

పదిహేను రోజులు చూసి నేను కాలేజీ మానేశాను. నాలుగో రోజు సార్ బస్సు దిగి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. బాపు మంచం మీద నుంచి లేవలేదు, కూర్చోమనలేదు. "నీ పాఠమే గద సార్ మా ఇంటి మీద వడ్డది. మార్చుకోవచ్చని నువ్వే చెప్పినవట. పెద్ద బిడ్డ పోయేటప్పుడు చీటి రాసి పెట్టి పోయింది" అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. సార్ అంతే చెప్పలేదు బాపూ, సగం నేనే మింగాను అనాలి. తలుపు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. సార్ తలుపు వైపు ఒకసారి చూశారు. తర్వాత బాపుతో, "అవ్. నేనే చెప్పిన" అన్నారు. అమ్మ వైపు తిరిగి, "జర మంచినీళ్లు ఇస్తరా అమ్మా" అని అడిగారు. మా ఇంట్లో నీళ్లు అడిగిన మనిషి వచ్చి అప్పటికి ఇరవై రోజులైంది. అమ్మ చెంబు తెచ్చి ఇచ్చి, ఇంట్లోకి పోయి ఏడ్చింది.

ఆ తర్వాత ఆదివారం ఆదివారం వచ్చేవారు. బాపు మాట్లాడకపోయినా అరుగు మీద కూర్చునేవారు. నాకు నోట్సు ఇచ్చి, టీ తాగి పోయేవారు. మూడో ఆదివారం బాపు ఆయనకు కుర్చీ వేశాడు.

వానకాలంలో నాయనమ్మ చనిపోయింది. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా శవం వాకిట్లోనే ఉంది. ఒక్కరూ గడప దాటి రాలేదు. పాడె మోయాలంటే నలుగురు కావాలి. నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాల్సిన బాపు ఒక్కడే ఉన్నాడు. నేను కాలేజీకి ఫోన్ చేశాను. రెండు గంటలకు ఒక ఆటో వచ్చింది. అందులోంచి సార్, కాలేజీ అటెండర్, కింద రంగుల దుకాణం నడిపే యాదగిరన్న దిగారు. ఆటో నడుపుకుంటూ వచ్చింది మా బావ. సార్ ముందుగా కోహెడకు ఫోన్ చేసి అతన్ని పిలిపించారని తర్వాత తెలిసింది. ఆ నలుగురే పాడె ఎత్తారు. ఊరంతా గడపల్లో నిలబడి చూసింది. బాపు బావ ముఖం చూడలేదు. చెరువు కట్ట దిగేచోట మాత్రం వెనక్కి తిరగకుండానే, "జాగర్త, బురదున్నది" అన్నాడు. అల్లుడితో బాపు అన్న మొదటి మాట అదే.

కాలువలో స్నానం చేసి వచ్చి, తడి బట్టలతోనే సార్ నాతో అన్నారు: "ఊరు ఇట్ల భయపెట్టి మాట ఇనిపించుకునుడును సాంఘిక నియంత్రణ అంటరు. పరీక్షల వస్తది. నువ్వు రాయాలె." నాయనమ్మ చితి ఇంకా చల్లారలేదు. ఈయనకు పరీక్ష గుర్తుకొచ్చిందా అని ఒళ్లు మండింది. ఆ కోపంలోనే, దాచుకున్నది బయటపడింది. "సార్, అక్కకు నేనే సగం చెప్పిన. మీరు చెప్పినట్టు చెప్పలె" అన్నాను. "తెలుసు" అన్నారు. "తలుపు సందుల నీ కాళ్లు కనవడ్డయి. గడప దాటి రాలె." తడి చొక్కా అంచు పిండుకుంటూ, "నేను మొత్తం చెప్పినా మీ అక్క పోయేదే. గని నువ్వు సదువు బంద్ చేస్తే, ఈ ఊరు అనుకున్నదే అయితది" అన్నారు. సోమవారం నేను కాలేజీకి వెళ్లాను.

మా వెలిని ఎవరూ ఎత్తివేయలేదు. ఒక ఏడాది చెరువు నిండింది. వల లాగడానికి మనుషులు చాలక బాపును పిలిచారు, అంతే. తప్పయిందని ఎవరూ అనలేదు. బాపు కూడా అడగలేదు. కానీ బాపు అంతకుముందులా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

నేను డిగ్రీ పూర్తిచేసిన రెండేళ్లకు ఆ కాలేజీలో బి.ఎ. తీసేశారు. అందరూ కంప్యూటర్లే అడుగుతున్నారన్నారు. సార్‌కు అప్పటికి యాభై దాటింది. ఇంకో కాలేజీ ఆయన్ను తీసుకోలేదు. నాకేమో ఎల్బీనగర్ దగ్గర ఒక కుటుంబ సలహా కేంద్రంలో ఉద్యోగం దొరికింది.

ఒక ఎండాకాలం నేను, నా ఆఫీసువాళ్లు ఇద్దరు కలిసి షేర్ ఆటోలో పోతున్నాం. తుర్కయాంజాల్ దగ్గర ఆటో ఆగింది. రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మేవాళ్ల గొడుగు కింద సార్ నిలబడి ఉన్నారు. చొక్కా మీద పసుపు పచ్చ టీషర్టు, నెత్తిన టోపీ. "ప్లాట్లు ఉన్నయి, చూడుండ్రి" అంటూ ఆటోలోకి కాగితాలు చాపారు. పక్కన కూర్చున్న మా ఆఫీసు ఆమె, "పాపం, ఈ ముసలాయనకు గిదేం పని" అని నవ్వింది. ఆయన మా సార్ అని చెప్పడానికి నాకు ఒక్క క్షణం చాలు. నేను ఫోన్ వైపు తల వంచుకున్నాను. నల్లా దగ్గర మా మేనత్త వంచుకున్నట్టే వంచుకున్నాను. ఆటో కదిలింది.

ఆదివారం ఆయన ఇంటికి పోదామనుకున్నాను. ఎన్నో ఆదివారాలు గడిచిపోయాయి. నాలుగు నెలల తర్వాత ఇబ్రహీంపట్నంలో యాదగిరన్న కనబడి, "సార్ పోయిండు గద, నీకు తెల్వదా?" అన్నాడు. ఎండలో నిలబడీ నిలబడీ ఒక మధ్యాహ్నం గొడుగు పక్కనే కూలిపోయారట. దవాఖానకు తీసుకుపోయేసరికి ప్రాణం లేదట.

ఆ సాయంత్రమే వెళ్లాను. సార్ భార్య నన్ను గుర్తుపట్టి చాప వేసింది. "నువ్వు ఆటోల కనవడ్డవని ఆ దినం చెప్పిండు బిడ్డా. మంజుల ఆఫీసుకు పోతున్నదని అన్నం తినుకుంట రెండు సార్లు చెప్పిండు" అంది. నేను తలెత్తలేకపోయాను. "పిలువకపోయినవా అని అడిగిన" అంది ఆమె. "ఏమన్నరు?" అని అడిగాను.

"ఆఫీసోళ్లతోటి ఉన్నది. పిలిస్తే ఇబ్బంది పడ్తది. నేనే టోపీ కిందికి గుంజుకున్న అన్నడు."

ఆ మాట నాలో అట్లాగే ఉంది. ఈ మధ్య ఆఫీసుకు పోయే సాగర్ రోడ్డు మీద తెలిసిన ముఖం కనబడితే, పక్కన ఎవరున్నా ఆటో ఆపించి దిగుతున్నాను. ఆఫీసుకు ఆలస్యమవుతోంది. మొన్న ప్లాట్ల గొడుగు పక్కన నిలబడ్డ ఒకాయన దగ్గరికి ఆత్రంగా నడిచి వెళ్లాక, నాకు తెలిసిన మనిషి కాదని తేలింది. ఆయన తన చేతిలోని కాగితం నాకిచ్చాడు. తీసుకుని, పేరు అడిగి, కాసేపు ఆయనతో ఆ ఎండలో నిలబడ్డాను.