రెండో భాగంలోని ముసలమ్మ

అనకాపల్లిలో మా అమ్మ జాకెట్లు కుట్టేది. వీధి గదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను, ఎదుటి గోడకి నా కంప్యూటరు ఉండేవి. నేను డిగ్రీ చదువుతుండగా ఒక ఆదివారం వానకి తడిసిన చర్చి మెట్ల మీద జారి ఆమె కాలు విరిగింది. డాక్టరు సిమెంటు కట్టు వేసి, ఇప్పట్లో మిషను తొక్కే మాట మరిచిపొమ్మన్నాడు. ఆమె మంచం తెచ్చి వీధి గదిలోనే వేశాం.

ఊరికే కూర్చోవడం అమ్మకి చేతకాదు. చేత్తో కుట్టగలిగినన్నాళ్ళు హుక్కులు, గుండీలు కుట్టింది. అవీ అయిపోయాక నేను కాలేజీ నుంచి వచ్చి ఆడుకునే ఆట వైపు తిరిగి పడుకుంది.

ఆ ఆట మా బావ ఎక్కించింది. బావంటే అక్క భర్త. విశాఖపట్నంలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. చేతికి ఏ సీడీ దొరికితే ఆ ఆట తెచ్చి ఎక్కించేవాడు కాబట్టి, మాకు వచ్చింది రెండో భాగం. మొదటిది మేము చూడనే లేదు. ఈ రెండో భాగంలో యుద్ధం ముగిశాక ఒక సిపాయి ఏటి ఒడ్డున ఉన్న సొంతూరికి తిరిగొస్తాడు. ఊరంతా పలకరిస్తుంది. వీధి చివర ఒక ముసలమ్మ మాత్రం అతన్ని చూడగానే తలుపు వేసుకుంటుంది.

"ఆయమ్మ ఎందుకలాగ తలుపేసీసింది?" అంది అమ్మ.

"తెలీదమ్మా. మొదటి భాగంలో ఏదో జరిగుంటాది."

"అది సూడకుండా ఇది ఆడతన్నావా? పాత నిబంధన వదిలీసి కొత్త నిబంధన సదివినట్టుంది నీ యవ్వారం. మళ్ళీ ఎల్లు ఆయమ్మ కాడికి."

వెళ్ళాను. తలుపు పడింది. లోపలి నుంచి ముసలమ్మ అన్న మాట తెర కింద ఇంగ్లీషులో కనబడింది. అమ్మ కోసం తెలుగులో చెప్పాను. "నువ్వు ఒక్కడివే వచ్చావు."

"కొడుకు," అంది అమ్మ. "ఆయమ్మ కొడుకు ఈడితో యుద్ధానికి ఎల్లేడు. తిరిగి రానేదు. అంతే."

ఆ వారం చర్చి సంఘం ఆడవాళ్ళు అమ్మ కాలు కోసం ప్రార్థన చేయడానికి వచ్చారు. ఇంకా ఎవరి కోసమైనా చేయాలా అని అడిగితే అమ్మ తడుముకోకుండా చెప్పింది. "ఒక ముసలమ్మ ఉందమ్మా. కొడుకు యుద్ధంలో పోయేడు. ఎవులొచ్చినా తలుపు తియ్యట్నేదు." వాళ్ళు కళ్ళు మూసుకుని ఆ ముసలమ్మ కోసం చాలాసేపు, కన్నీళ్ళతో ప్రార్థించారు. నేను తల ఎత్తకుండా వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టాను.

ఆ సాయంత్రం అమ్మే బావకి ఫోన్ చేసింది. "బాబూ, ఆ ఆట మొదటి ముక్క మీకాడ ఉందేటి? కొంచెం బేగి కావాలి." కాలు గురించి కబురేమోనని ముందు కంగారుపడ్డ బావ, తరువాత నవ్వు ఆపుకోలేకపోయాడు. అయినా వెతికాడు. షాపుకి వచ్చే ఒకాయన దగ్గర గీతలు పడ్డ సీడీ దొరికితే, తరువాతి ఆదివారం రైలెక్కి తానే పట్టుకొచ్చాడు.

"అత్తయ్యా, ఒక సంగతి," అన్నాడు ఎక్కిస్తూ. "ఈ కంప్యూటర్లోనే మొదటిది పూర్తిగా ఆడితే, ఇందులో మనం సేసిందంతా రెండోదానిలోకి వత్తాది. ఆడకపోతే, అది దాని ఇష్టమొచ్చింది జరిగినట్టు అనీసుకుంటాది."

"అంటే ఆ కొడుకు బతకొచ్చా?"

"మీరు బతికిత్తే బతుకుతాడు."

మొదటి భాగంలో ముసలమ్మ జుట్టు ఇంకా నల్లగానే ఉంది. కొడుకునీ, అతని స్నేహితుడైన మన సిపాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. అమ్మకి ఆ ఇల్లంటే ఎంత ఇష్టమంటే, యుద్ధానికి వెళ్ళనివ్వకుండా నన్ను అందులోనే తిప్పింది. చివరికి వెళ్ళక తప్పలేదు. ఆఖర్న వంతెన కూలింది. ఒక వైపు ముసలమ్మ కొడుకు, మరో వైపు సిపాయిల్ని ఏరు దాటించే పడవవాడు, ఇద్దరూ నీళ్ళలో కొట్టుకుపోతున్నారు. ఒక్కరినే అందుకోగలం.

"కొడుకుని పట్టుకో!" అని అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

పట్టుకున్నాను. ఆట అయిపోయింది. వెంటనే రెండో భాగం మళ్ళీ మొదలుపెట్టాం. సిపాయి వీధి చివరికి నడిచాడు. ముసలమ్మ తలుపు తీసింది. లోపల కొడుకు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. అమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ తట్టు," అంది. ముసలమ్మ ఎన్నిసార్లైనా తీసింది.

కానీ ఏరు దాటాలని రేవుకి వెళితే, పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది. దాని మీద కూర్చున్న చిన్నపిల్ల, నాన్న లేడంది.

"ముందు ఆడినప్పుడు ఈ పడవాయన ఉండేడు కదే?" అంది అమ్మ.

"ఉండేడు. మనల్ని దాటించేడు."

"మనం సరిగ్గా సూడనేదు."

అమ్మది కొండకర్ల. వాళ్ళ నాన్న అక్కడి ఆవలో, అంటే పెద్ద చెరువులో, దోనె నడిపి మనుషుల్ని దాటించేవాడు.

"ఎవుల్నో ఒకల్ని ఒగ్గీయాలేటి?"

"ఆట అలాగే పెట్టారమ్మా."

"పెట్టినోడికి బుద్ధి నేదు," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆమే దారి చెప్పింది. మేము ముందు ఆడినదీ, కొత్తగా ఆడినదీ, రెండూ ఉంచమంది. అప్పట్నుంచి ఒకరోజు ముసలమ్మ ఇంట్లో కూర్చునేవాళ్ళం, ఒకరోజు ఏరు దాటేవాళ్ళం. సంఘం ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి, ఆ ముసలమ్మ తలుపు తీసిందా అని అడిగారు. అమ్మ తీసిందని చెప్పింది. వాళ్ళు దేవుడికి స్తోత్రం చెప్పారు, అమ్మ ఆమెన్ అంది.

కట్టు విప్పాక ఆమె మెల్లగా నడిచి, తరువాత మిషను ఎక్కింది. మూడో భాగం వచ్చేసరికి నేను ఉద్యోగంలో చేరాను. పాత కంప్యూటరు పోయింది, దానితో మేము దాచుకున్నవీ పోయాయి. కొత్త ఆట మొదట్లోనే అడిగింది, వంతెన దగ్గర ఎవరిని కాపాడారని. ఇద్దరిలో ఒకరి పేరే నొక్కాలి.

అడిగాను. అమ్మ ఎవరిదో పెళ్ళి జాకెట్టు కుడుతోంది. కాలు ఆపి ఆలోచించింది.

"ఈసారి దోనాయన్ని. ముసలమ్మకి నాను సెప్పుకుంటాన్లే."

పడవవాడిని ఎంచుకున్నాను. అమ్మ మళ్ళీ మిషను తొక్కింది. ఆ చప్పుడుకి వినబడేలా తెర మీది మాటలన్నీ తెలుగులో గట్టిగా చెబుతూ కూర్చున్నాను.