గడప దాటని సామాన్లు

మామా పోయింది. ఈ మాట రాశాక కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నా చేత్తో మా ముసలి యజమానురాలికి అన్నం పెట్టాను. చేపముక్కలో ముల్లు తీసి ఇస్తే, "నాకేమన్నా పండ్లు ల్యావా?" అని కసిరింది. మూతి తుడిచి, మంచం మీద పడుకోబెట్టి, "పోయొస్తా మామా" అని చెప్పి, ఫర్వానియాలో ఉండే మా చిన్నమ్మ కూతురి గదికి బయల్దేరాను. వారానికి ఆ ఒక్క పూటే నాకు సెలవు. చెల్లెలు ఇచ్చిన టీ ఇంకా నోట్లో పోసుకోలేదు, ఫోన్ మోగింది. నేను పనిచేసే ఇంటి డ్రైవర్, రాయచోటి మనిషి.

"అక్కా, యాడుండావ్? మామా పోయిందక్కా. పండుకునింది పండుకున్నట్లే పోయింది. బండి తెస్తాండా, కిందికి దిగు."

"ఏం మాటలప్పా అవి? ఇప్పుడే గదా అన్నం తినింది!" అని అతని మీద అరిచాను. అన్నం తిన్న మనిషి పోకూడదని ఎక్కడన్నా ఉందా? ఆ నిమిషాన నాకు ఉందనే అనిపించింది.

ఈ అరబ్బు దేశంలో ఇంటి యజమానురాలిని మేమంతా మామా అనే పిలుస్తాం. ఎగైలాలోని ఆ ఇంటికి నేను వంటమనిషిగా వచ్చేటప్పటికే ఆమె భర్త కాలం చేశాడు. కొడుకు పెళ్ళాం పిల్లలతో వేరే ఇంట్లో ఉంటాడు. నేను ఈ దేశంలో ఉండటానికి కావలసిన ఇఖామా కాగితం అతని పేరు మీదే ఉంది, కాబట్టి నాకు పూచీ పడ్డ కఫీల్ అతనే. పెద్ద కూతురు కాపురం ఊరికి ఆ చివర. చిన్న కూతురు మాత్రం కాపురం చెడి పుట్టింటికి వచ్చి, తల్లితోనే ఉంది. నాకు వచ్చిన అరబ్బీ మామా నేర్పిందే. ఆమె మాటలు నా చెవికి మా కడప మాటల్లాగే పడేవి, అందుకని ఇక్కడ కూడా వాటిని మా యాసలోనే రాస్తున్నాను. వేరేలా రాస్తే ఆమె గొంతు నాకే వినపడదు.

చాలా మొండి మనిషి. చేతికర్రతో గోడ మీద కొట్టి నన్ను పిలిచేది. ఒక దెబ్బ కొడితే టీ అని, దబదబా కొడితే కోపం వచ్చిందని అర్థం. డాక్టరు వద్దన్న ఖర్జూరాలు దిండు గలీబులో దాచుకునేది. నేను కనిపెట్టి లాక్కుంటే, "దొంగ ముండా, నా ఇంట్లో నాకే కాపలానా?" అని తిట్టి, మళ్ళీ తనే ఒకటి నా నోట్లో పెట్టేది. ఒకసారి నాకోసం రాగి సంగటి కెలుకుతుంటే వంటింట్లోకి వచ్చి, ఒక ముద్ద తుంచి, కోడి పులుసులో ముంచి తినింది. "ఇది మా అసీదా గదే! మీ ఊరికి ఎట్ల పోయింది?" అంది. "మాదే మీ ఊరికొచ్చింటుంది మామా" అన్నాను. ఆ రోజు నుంచి నాకు సంగటి వండుకుంటే ఒంటరిగా తినే యోగం లేకుండా పోయింది.

మొన్న రంజాన్‌కు ముందు ఒకరోజు, ఇంట్లో సామాన్లన్నీ హాల్లోకి తెమ్మని నాకూ డ్రైవర్‌కూ హుకుం వేసింది. తివాచీలు, రాగి చెంబులు, గవా అనే అరబ్బు కాఫీ పోసే ఇత్తడి కూజాలు, ధూపం వేసే పాత్రలు, పెళ్ళినాటి పింగాణీ, కుట్టుమిషను, వంటింటి గంగాళాలు. ఇల్లు ఖాళీ చేస్తున్నారేమో అనుకున్నాను.

"నా పిల్లోల్లకు పంచుతా" అంది.

"ఇప్పుడెందుకు మామా? నీకేమైందని?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. మనిషి పోయాక మిగిలినదాంట్లో వాళ్ళ ధర్మం ప్రకారం కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. బతికుండగా తల్లి తన చేత్తో ఇస్తే మాత్రం అందరికీ సమానంగా ఇవ్వాలి. "రెండూ ధర్మమే. నేను పోయినాక వస్తే అది వాటా. ఇప్పుడిస్తే అమ్మ పెట్టింది అనుకుంటారు. చిన్నదానికి మొగుడు ల్యా, ఇల్లు ల్యా. దానికి అమ్మ పెట్టింది ఉండాల" అంది.

పెళ్ళిళ్ళలో తారుమారు కాకుండా మా ఊళ్ళో గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటామని చెప్పాను. ఆమెకు ఆ సంగతి భలే నచ్చింది. "మనిషి సచ్చిపోతే ఆ పేరు చెరిపేస్తారా?" అని అడిగింది. "ఎందుకు చెరుపుతాం మామా? ఇంకా గట్టిగా తోముకుంటాం" అన్నాను. పక్కనున్న పళ్ళెం ఒకటి ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత, ఈ పింగాణీ మీద పేర్లు కొడితే పగిలి చస్తాయని నవ్వింది.

ఆ వారం శుక్రవారం భోజనానికి ముగ్గురూ కూడారు. ఆమె సోఫాలో కూర్చుని కర్రతో చూపిస్తూ పంచింది. ఇది నీకు, అది దానికి. కొడుక్కి వాళ్ళ నాయన కూర్చునే తివాచీ. పెద్దదానికి పింగాణీ. చిన్నదానికి కుట్టుమిషను, పెద్ద గంగాళం. ఇంకా చాలా. ముగ్గురికీ సరిసమానంగా వచ్చిందా అని నన్ను చూడమంది. చూశాను. నా కళ్ళకు సమానంగానే కనిపించింది.

"ఇంగ తీసకపోండి" అంది.

ఒక్కరూ కదల్లేదు. కొడుకు లేచి వచ్చి తల్లి నుదుటి మీద ముద్దు పెట్టాడు. "అమ్మా, నీ ఇంట్లో నుంచి సామాను మోసకపోతే, నువ్వెప్పుడు పోతావా అని కాచుకోనున్నట్లు ఉంటుంది. ఐబ్, సిగ్గుచేటు. ఈడే ఉండనీ" అన్నాడు. పెద్ద కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చిన్న కూతురు, "నేనుండేది ఈ ఇంట్లోనే, యాడికి మోసకపోవాల?" అంది. మామా గోడ అందక కర్రతో నేలను బాదింది. ఎవరూ వినలేదు. అందరూ నవ్వారు, ముద్దులు పెట్టారు, కొడుకూ పెద్ద కూతురూ తిని వెళ్ళారు. సామాన్లన్నీ నేనూ డ్రైవరూ మళ్ళీ ఎక్కడివక్కడ సర్దాం. ఆ తర్వాత వారం వారం ఆమె అడగడం, వాళ్ళు "ఇన్షాఅల్లా, మళ్ళీ వారం" అనడం. అమ్మ మీద ప్రేమతో చేసిన పని అది. అందులో ఎవరిదీ తప్పని నేను ఇప్పటికీ అనలేను.

నేను ఫర్వానియా నుంచి వచ్చేటప్పటికి ఇంటి ముందు కార్లు నిండిపోయాయి. ఆమె దిండు గలీబులో చెయ్యి పెట్టి చూశాను, ఎందుకో తెలీదు. మా ఊళ్ళో అయితే చుట్టాలు వచ్చేదాకా ఉంచుతారు, మీద పడి ఏడుస్తారు, డప్పులతో సాగనంపుతారు. ఇక్కడ మర్నాడు ఎండ ముదరకముందే తెల్లగుడ్డ చుట్టి, మగవాళ్ళు తీసుకువెళ్ళి మట్టి చేసి వచ్చేశారు. ఆడవాళ్ళం ఇంట్లోనే ఉన్నాం. వాళ్ళకు టీ పెట్టే వేళకు ఆమె ఎప్పుడూ తాగే గ్లాసు నా చేతిలోనే ఉంది, ఆమె మాత్రం మట్టిలో ఉంది. ఇంత తొందరా? ఇంత తొందరగా ఎలా అయిపోతుంది? మూడు రోజులు వచ్చినవాళ్ళందరికీ గవా పోస్తూనే ఉన్నాను. ఏడవడానికి కూడా తీరిక లేదు.

పలకరింపులు అయిపోయాక మామా తమ్ముడు వచ్చాడు. ఇంటికి పెద్దదిక్కు ఆయనే. పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టి, నన్ను కూడా పిలిపించాడు.

"నీకు దీంట్లో పాలు ల్యా, నువ్వు చెప్పు. మా అక్క వీళ్ళకు సామాన్లు ఇచ్చిందా?"

"ఇచ్చింది బాబా. నా కండ్ల ముందరే ఇచ్చింది."

"ఇస్తే, తీసుకున్న్యారా? చిన్నది తన గదిలోకన్నా పెట్టుకునిందా?"

అప్పుడు తెలిసింది నాకు. ఇచ్చానని నోటితో అంటే చాలదట. పుచ్చుకున్నవాళ్ళు చేతిలోకి తీసుకోవాలట. అలా తీసుకోకముందే ఇచ్చిన మనిషి పోతే ఆ ఇవ్వడం చెల్లదట. అన్నీ తిరిగి వాటాల్లోకి వస్తాయి. మామా ఆ రోజు ఎందుకు నేల బాదిందో, వారం వారం ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది.

ఒక్క మాట. కుట్టుమిషను చిన్న కూతురు తన గదిలో పెట్టుకుంది అంటే చాలు. ఎవరు చూడొచ్చారు? నిజం చెబితే నేను కఫీల్ పక్కన చేరి, ఉప్పు తిన్న ఇంటి కూతుళ్ళకే అన్యాయం చేశానని అనుకుంటారు. అబద్ధం చెబితే మామా పేరు మీద చెప్పాలి. చిన్న కూతురి వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"ఇచ్చింది. అందరూ ఈడే ఉండనీ అన్న్యారు. మళ్ళీ నేనే ఎత్తి పెట్టినా. ఏదీ ఎవరి గదిలోకీ పోలే" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆయన తల ఊపాడు. "అయితే అది ఇచ్చినట్లు కాదు. ఖలాస్, వాటాలే."

కొడుకు లేచాడు. "సరే మామయ్యా, వాటాలే కానీ. నాకొచ్చే రెండు పాళ్ళు నావే గదా? నావైతే నా ఇష్టం. అమ్మ యా సామాను ఎవరికి చూపించిందో దానికి తక్కువ పడేదంతా నా పాలులో నుంచి ఇస్తాండా." చెల్లెళ్ళ వైపు తిరిగాడు. "ఈసారి ఈడే పెట్టి పోగాకండి. నేను గూడా ఈపొద్దో రేపో పోయేవాడినే. పట్టుకోని గడప దాటండి. నేను చూడాల."

పెద్ద కూతురి పింగాణీ డ్రైవర్ కారులో పెట్టాడు. చిన్న కూతురు గంగాళం ముందు నిలబడింది. ఏ ఇంటికి తీసుకువెళ్ళాలి? ఆమె ఉండేది ఇక్కడే కదా! అన్న వైపు చూసింది. అతను గేటు వైపు చెయ్యి చూపించాడు.

గంగాళం ఒక చెవి ఆమె పట్టుకుంది, రెండో చెవి నేను పట్టుకున్నాను. వరండా దాటి, మెట్లు దిగి, గేటు బయట రోడ్డు మీదికి వచ్చాం. మిట్టమధ్యాహ్నం ఎండ, ఎదురింటి నీడ కూడా లేదు. "ఇంగ లోపలికి పోదాం పా" అన్నాను. ఆమె కదల్లేదు. నల్ల అబాయాలో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, చెవి వదలకుండా అక్కడే నిలబడింది. "ఉండు, ఇంకొంచేపు. అమ్మ పెట్టింది ఇది" అంది. చేతులు కాలుతున్నా నేనూ వదల్లేదు.