నాలుగో బ్లాకు కింద తొమ్మిది జాకీలు

అప్పన్న సెంట్రింగ్ మేస్త్రి. పచ్చి కాంక్రీటు గట్టిపడి తన కాళ్ళ మీద తాను నిలబడేదాకా, దాన్ని మోసే చెక్కనీ ఇనుమునీ నిలబెట్టడం అతని పని. గట్టిపడ్డాక అన్నీ విప్పుకుని వెళ్ళిపోవాలి. కట్టించినవాళ్ళ పేర్లు రాతిపలక మీద చెక్కి గోడకి పెడతారు గానీ, మోసినవాడి గుర్తు ఒక్కటీ మిగలదు. అయినా అప్పన్నకి గర్వానికేం లోటు లేదు. తండ్రి టెక్కలి వైపు నుంచి జంషెడ్‌పూర్ కార్ఖానాకి కూలీగా వచ్చి, భాలుబాసాలో ఒంటి గది తీసుకున్నాడు. అప్పన్న అక్కడే పుట్టి, అక్కడే కాంతాన్ని పెళ్ళాడి, ముప్పై ఒక్కేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ కప్పులు నిలబెడుతున్నాడు.

"నాను కట్టిన సెంట్రింగు ఇంతవరకూ ఒక్కటీ కుంగనేదు," అనేవాడు టీ బడ్డీ దగ్గర, ఎవరు అడిగినా అడక్కపోయినా.

"కుంగిందో నేదో పైనున్నోలికి తెలుస్తాది. కిందున్న నీకేటి తెలుస్తాది?" అని కాంతం దెప్పేది.

ఊళ్ళో పాత ఫుట్‌బాల్ స్టేడియం గ్యాలరీని బాగుచేసే పని వచ్చినప్పుడు, ఇంజనీరు వెతుక్కుంటూ వచ్చింది అప్పన్న కోసమే. ఆ ఇంజనీరు హరికిరణ్. టెల్కో కాలనీలో పెరిగిన తెలుగు కుర్రాడు. అప్పన్న తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతాడు, అయినా మర్యాద తెలిసినవాడు. పనిలో ఉన్న పేచీ ఏమిటంటే ఆటలు ఆగవు. ఈ ఊళ్ళో పెళ్ళి వాయిదా వేయించవచ్చు గానీ ఫుట్‌బాల్ వాయిదా వేయించలేరు. కాబట్టి గ్యాలరీని ముక్కలు ముక్కలుగా కడుతున్నారు. మూడో బ్లాకుని పడగొట్టి, రేకులు అడ్డం పెట్టి కొత్త మెట్లు పోస్తుంటే, పక్కనున్న నాలుగో బ్లాకులో జనం కూర్చుని ఆట చూస్తారు. నాలుగోది కూడా పాతదే. లోపలి ఇనుము తుప్పు పట్టింది. దాని వంతు వచ్చేదాకా ఊతంగా హరికిరణ్ లెక్క కట్టి కింద పద్దెనిమిది జాకీలు పెట్టించాడు. జాకీ అంటే మర తిప్పితే ఎత్తు పెరిగే ఇనుప స్తంభం. "ఇన్‌కో కోయీ హాథ్ నహీ లగాయేగా," అని, ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పాడు.

శుక్రవారం పొద్దున్న మూడో బ్లాకు పోత. కాంక్రీటు బళ్ళు మూడు గేటు దగ్గర డ్రమ్ములు తిప్పుతూ నిలబడ్డాయి. జాకీలు తెచ్చే లారీ మాత్రం రాలేదు. అప్పన్న లెక్క చూసుకుంటే తొమ్మిది తక్కువ. కాంక్రీటు మనకోసం ఆగదు, బండిలోనే గడ్డకడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సెంట్రింగ్ వాళ్ళలో ఒక అలవాటుంది. ఒకచోట జాకీలు తక్కువైతే, ఇంకోచోట నిలబెట్టినవాటిని సుత్తితో కొట్టి చూస్తారు. బరువు మోస్తున్నది ఖంగుమంటుంది. ఊరికే నిలబడ్డది ఖాళీ డబ్బాలా మోగుతుంది. దాన్ని 'నిద్రపోతోంది' అంటారు. నిద్రపోయేదాన్ని తీసుకెళ్ళి పనున్న చోట పెట్టుకోవడం తప్పు కాదు, తెలివి. అప్పన్న నాలుగో బ్లాకు కిందకి వెళ్ళి వరసగా కొట్టుకుంటూ పోయాడు. నడిమి రెండు వరసల్లో తొమ్మిది డబ్బాల్లా మోగాయి.

"అన్నా, ఇంజనీరు బాబు ముట్టుకోవద్దన్నాడు కదా," అన్నాడు బలరామ్. పదేళ్ళుగా అతని పక్కన పనిచేస్తున్నవాడు.

"ముట్టుకోవద్దన్నది ఇంజనీరు. నిద్దరోతన్నానని సెప్తన్నది జాకీ. ఎవల మాట ఇంటావు?"

తొమ్మిదీ తీసేశారు. ఆట ఆదివారం కదా, శనివారం సాయంత్రానికి లారీ వస్తుంది, వచ్చాక మళ్ళీ పెట్టేద్దాం అనుకున్నాడు. హరికిరణ్‌కి చెప్పలేదు. పోత దివ్యంగా జరిగింది. ఖాళీ మెట్ల కింద జాకీ నిద్రపోక ఏం చేస్తుంది? పైన మనిషి కూర్చుంటే కదా దానికి మెలకువ! ఇంత చిన్న సంగతి ముప్పై ఒక్కేళ్ళ మేస్త్రికి ఆ పూట తట్టలేదు. అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు పోతే ఏమీ తెలియనమ్మ ఏకాదశినాడు పోయిందని ఊరికే అన్నారా?

శనివారం పర్సుడీహ్‌లో మేనకోడలి సీమంతం. అప్పన్న విస్తరి ముందు కూర్చుని పులిహోర కలుపుతుండగా బలరామ్ ఫోన్ చేశాడు. కొత్త పోతకి నీళ్ళు పెట్టడానికి అతను స్టేడియంలో ఉన్నాడు.

"అన్నా, ఆట ఈయాలేనంట! రేపు వానంటన్నారని రాత్రే మార్సీసినారంట. మనకెవలూ సెప్పనేదు. నాలుగో బ్లాకు నిండిపోనాది."

"లారీ?"

"మానగో వంతెన మీద జామ్‌లో ఉండిపోనాది."

అప్పన్న చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. ఎక్కడికని కాంతం అడుగుతున్నా వినిపించుకోకుండా స్కూటర్ తీశాడు. దారి పొడుగునా ఒకటే లెక్క. పద్దెనిమిదిలో తొమ్మిది పోతే తొమ్మిది. అది కూడా నడుము విరిచిన తొమ్మిది. వాటిని తిరిగి తెద్దామంటే అవి మోస్తున్నది ఒక్కరోజు వయసున్న పచ్చి కాంక్రీటు. అది తీస్తే ఇది కూలుతుంది.

అతను చేరేసరికి మొదటి సగంలో నలభై నిమిషాలు గడిచిపోయాయి. మూడో బ్లాకు మూసేశారు కనక అక్కడి జనం కూడా నాలుగో బ్లాకులోనే ఇరుక్కున్నారు. ఎనిమిది వందల మందికి తక్కువ ఉండరు. డప్పులు మోగుతున్నాయి. బంతి గోలు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అందరూ లేచి గెంతుతున్నారు. అప్పన్న మెట్ల కిందకి దూరాడు. పైనుంచి సున్నం పొడి రాలుతోంది. మిగిలిన జాకీల్లో ఒకదాన్ని సుత్తితో మెల్లగా తాకాడు. ఖంగుమనలేదు, కీచుమంది. అంత బిగువు శబ్దం తన జన్మలో వినలేదు.

మైదానం పక్కన హరికిరణ్, క్లబ్బు సెక్రటరీ దుర్గాప్రసాద్ కుర్చీల్లో కూర్చున్నారు. అప్పన్న పరిగెత్తుకెళ్ళి, "బాబూ, నాలుగో బ్లాకు కాళీ సేయించండి," అన్నాడు.

"క్యా హువా చాచా?" అని ఏమైందో అడిగాడు హరికిరణ్.

నిజం గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. దాన్ని బయటపెడితే ముప్పై ఒక్కేళ్ళ పేరు ఒక్క మాటతో పోతుంది.

"పగులు పెరిగిపోనాది," అన్నాడు.

హరికిరణ్ ఫోన్ తీసి ఆ పొద్దున్న మెట్ల పైనుంచి తీసిన ఫోటో చూపించాడు. పగులు పక్కన పెన్సిల్ గీత, తేదీ. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. "నీచే అఠారా జాక్ హై. మైనే ఖుద్ గినా హై," అన్నాడు. పద్దెనిమిదీ తానే లెక్కపెట్టానని. నిజమే, లెక్కపెట్టాడు, గురువారం నాడు.

దుర్గాప్రసాద్‌కి చిరాకేసింది. "ఎనిమిది వందల మందిని ఆట మధ్యలో లెమ్మంటే తొక్కిసలాట జరుగుతుందయ్యా. నీ అనుమానానికి అంతమందిని చంపమంటావా?"

అప్పుడే రిఫరీ ఈల వేశాడు. పెనాల్టీ. స్థానిక జట్టుకి. బ్లాకు మొత్తం ఒక్కసారి లేచింది. గోలు పడితే వీళ్ళు ఏం చేస్తారో అప్పన్నకి తెలుసు, తానూ ఆ మెట్ల మీద గెంతినవాడే. ఇక పేరుతో బేరమాడే టైము లేదు.

"పద్దెనిమిది నేవు బాబూ," అన్నాడు. "తొమ్మిదే ఉన్నాయి. నడుమవి నిన్న నానే తీసీసినాను. పోతకి తక్కువైతే తీసీసినాను. మీకు సెప్పనేదు."

దుర్గాప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. మైకులో చెప్పిద్దామా అని హరికిరణ్ అంటే అప్పన్న అతని చెయ్యి పట్టుకున్నాడు. "మైకొద్దు బాబూ, పరిగెడతారు. ఇంకో రెండు నిమిసాల్లో సగం ఆట అయిపోతాది. గడ్డి మీద కూకుని సూడొచ్చని సెప్పండి. ముందల నడుమోలిని దించండి, ఒక్కొక్క వరసే. పరిగెట్టనీకండి." దుర్గాప్రసాద్ వాలంటీర్లని పిలుస్తూ తాడు కోసం పరిగెత్తాడు.

పెనాల్టీ కాదంటూ అవతలి జట్టు రిఫరీని చుట్టుముట్టి వాదిస్తుండగా అప్పన్న మళ్ళీ కిందకి పోయాడు. స్టేడియం వెనక పాత సాల కర్ర గుంజలు పడి ఉన్నాయి. ఊతానికి కర్ర వాడకూడదని కాగితం మీద రూలు ఉంది గానీ, మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా ఇనుమే. బలరామ్, అతనూ కలిసి ఒక గుంజని నడిమి దూలం కింద నిలబెట్టి, అడుగున బిగువు కోసం చెక్క చీలలు కొట్టారు. రెండోదాన్ని ఎత్తారు.

"అన్నా, బయటికి పోదాం," అన్నాడు బలరామ్.

"నువ్వు పో. ఇది నా తప్పు."

బలరామ్ పోలేదు. పైన డప్పులు ఆగిపోయాయి. ఎనిమిది వందల మంది ఊపిరి బిగబట్టారు. అప్పన్న చీల మీద సుత్తి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నందుకైనా స్వామి ఈ ఒక్కసారి బంతిని పక్కకి తోసేయాలని సిగ్గు లేకుండా వేడుకున్నాడు. సొంత ఊరి జట్టు ఓడాలని కోరుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

గోలు పడింది.

మెట్లు పిడుగు పడ్డట్టు అదిరాయి. పెచ్చు ఒకటి ఊడి బలరామ్ భుజం మీద పడింది. ఇనుము మూలిగింది. ఒక జాకీ కొద్దిగా పక్కకి వంగింది. గుంజ అడుగున చీల దానంతటదే రెండు వేళ్ళు వెనక్కి జరిగింది. అప్పన్న దాన్ని సుత్తితో కొట్టి లోపలికి పంపాడు, మళ్ళీ జరిగితే మళ్ళీ కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టాడో అతనికే తెలియదు. పైన గెంతులు సద్దుమణిగి, ఈల మోగి, ఆటగాళ్ళు లోపలికి వెళ్ళారు.

గడ్డి మీద కూర్చోవచ్చనగానే జనానికి పండగలా ఉంది. నవ్వుకుంటూ, విజిళ్ళు వేసుకుంటూ, తాడు పట్టుకుని వరస వరసగా దిగారు. తమ కాళ్ళ కింద ఏం ఉందో, ఏం లేదో ఒక్కరికీ తెలియదు. ఆఖరి మనిషి దిగేసరికి అప్పన్న ఏడు గుంజలు నిలబెట్టాడు.

హరికిరణ్ టార్చి పట్టుకుని కిందకి వచ్చాడు. దూలం కిందినుంచి చూస్తూ, "శాయద్ కుఛ్ నహీ హోతా," అన్నాడు. ఏమీ జరిగేది కాదేమో అని. తనకి తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

జాకీలు పెట్టిన నాడు దూలం ఎత్తుకి సరిగ్గా కోసిన కొలతకర్ర గోడవార ఉంది. ప్రతి మేస్త్రీ కోసుకుంటాడు అలాంటిది. అప్పన్న దాన్ని తెచ్చి దూలం కింద నిలబెట్టబోయాడు. కర్ర నిలబడలేదు. దూలానికి తగిలి ఏటవాలుగా ఆగింది. తిప్పి పెట్టినా అంతే. దూలం వేలి మందం కిందకి దిగి ఉంది.

హరికిరణ్ టార్చి ఆ కర్ర కొస మీద వేశాడు. అప్పన్నకి ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"రిపోర్టు రాయాలి," అన్నాడు హరికిరణ్ చివరికి. అతని నోట తెలుగు వినడం అప్పన్నకి అదే మొదలు. "ఇనుము దొంగలు ఎత్తుకుపోయారని రాస్తాను. ఇక్కడ అది ఎవరైనా నమ్ముతారు. మీరు లేకపోతే ఈ పని నా వల్ల కాదు మేస్త్రిగారూ."

అప్పన్న కర్రని గోడకి ఆనించాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"అప్పన్న తీసినాడని రాయండి," అన్నాడు. "పేరు ముందర మేస్త్రి అని మాత్రం రాయకండి బాబూ."