నల్ల గొర్రె ఒప్పుకున్న నలభై ఏడో ఫైలు

మదనపల్లెలో తబిత నడిపే కంప్యూటర్ రిపేరు కొట్టుకు ఆ రోజు ఒక నల్ల గొర్రె ఆటో దిగి వచ్చింది. నమ్మరేం, నిజంగా గొర్రే! మెడలో గంట, ముఖంలో పెద్దరికం.

దాన్ని తెచ్చింది కురబలకోట దగ్గరి దొడ్డప్ప, అతని భార్య అక్కమ్మ. ఆర్నెల్ల కిందట గొంతు ఆపరేషనై దొడ్డప్పకు మాట పోయింది. ఆపరేషనుకు ముందే తెలివిగా మందను పిలిచే పిలుపును ఫోన్లోని మెమరీ కార్డులో రికార్డు చేసి పెట్టుకున్నాడు. పొద్దుగూకే వేళ బీడులో అది వినిపిస్తే డెబ్భై గొర్రెలూ బిలబిలమంటూ వెంట వచ్చేవి. అక్కమ్మేమో మొన్న జాతరకని ఆ కార్డును పాటలెక్కించే కొట్టులో ఇచ్చింది. అక్కడివాడు కార్డంతా తుడిచిపారేసి పది కొత్త పాటలు ఎక్కించి పంపాడు.

"నేనెంత పిల్సినా రావమ్మా. రెండు కుక్కల పాలైనాయి. ఇట్లయితే వచ్చే సంతకు మందంతా తోలేయాల్సిందే," అంది అక్కమ్మ. దొడ్డప్ప తల దించుకున్నాడు.

"మరి గొర్రెనెందుకు తెచ్చినారమ్మా?"

"మందకు ముందు నడిసేది ఇదే. ఏది సరైన పిలుపో దాన్నే సెప్పనీ!"

తబితకు నవ్వాగలేదు. చర్చిలో పాడే గొంతేమో, వీధి చివరి టీకొట్టు దాకా వినబడింది. పని దగ్గర మాత్రం ఆమె మహా మొండిది. ఎవరి కార్డునూ నేరుగా కెలకదు. ముందు దాన్ని ఖాళీ జాగాతో సహా ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైలుగా నకలు తీస్తుంది. దాన్నే డిస్క్ ఇమేజ్ అంటారు. తుడిచేసిన ఫైళ్లు కొత్తవి మీద పడేదాకా ఆ ఖాళీ జాగాలోనే దాగి ఉంటాయి మరి. అసలు కార్డు పిప్పరమెంటు డబ్బాలోకి పోతుంది. ఆ తర్వాతే నల్లటి తెరమీద ఒక వరుస కమాండ్ కొట్టి, "ప్రభువా, నీదే భారం," అని ఎంటర్ నొక్కుతుంది.

ఆ కమాండ్ నకలునంతా మూలమూలా గాలించి అరవై రెండు ఆడియో ఫైళ్లను బయటికి లాగింది. ఒక్కదానికీ పేరు లేదు, వట్టి అంకెలు. తబిత వరుసగా వినిపించసాగింది. పెళ్లి బాజా. గొర్రె ఆమె రసీదు పుస్తకం నములుతోంది. ఎవరిదో దగ్గు. గొర్రె నములుతూనే ఉంది. నలభై దాటేసరికి తబితకు అనుమానం మొదలైంది. ఆ పది పాటలూ సరిగ్గా పిలుపు మీదే పడి దాన్ని చెరిపేశాయా, ఏం పాడో!

నలభై ఏడు నొక్కింది.

"హుర్ర్ర్... బా బా బాఁ!"

గొర్రె చెవులు నిక్కబొడుచుకున్నాయి. మ్యామ్మని అరిచి, ఒక్క గెంతున బల్లెక్కి, కీబోర్డు తొక్కి, స్పీకరుకు మూతి ఆనించింది. "హల్లెలూయా!" అని తబిత కేకేసింది. దొడ్డప్ప రెండు చేతులూ పైకెత్తేశాడు.

రికార్డు ఇంకా నడుస్తోంది, దొడ్డప్ప పాత గొంతుతో. "అక్కమ్మా! గొర్రెలొచ్చేసినాయి గానీ, సంగటి దింపినావా?"

"దింపినా, వస్తాండా ఉండు!" అంటూ అక్కమ్మ కొంగు దోపుకుని లేచింది. రెండడుగులు వేసి గుమ్మంలో నిలబడిపోయింది. దొడ్డప్ప రోజూ పిలుపు వరకే వినిపించి ఆపేసేవాడు. ఈ చివరి మాట రికార్డులో ఉందని ఆమెకు ఇంతవరకూ తెలియనే తెలియదు.

దొడ్డప్ప సడి లేకుండా, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. అక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వెనక్కి వచ్చింది.

"ఇంగోసారి పెట్టమ్మా," అంది తబితతో. "గొర్రె సరిగ్గా ఇన్లేదు."