పక్కవాళ్ళు చెప్పే జవాబు

తొంభైల్లో మాట. నా తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. దుత్తలూరు నుంచి ఆత్మకూరు ఆసుపత్రికి తెచ్చేసరికే ఆలస్యమైంది. ఆ తర్వాత జ్వరం తగ్గక నన్ను ఆడవాళ్ళ వార్డులోనే ఉంచారు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే నాకు చంటిబిడ్డ ఏడుపు వినిపించేది. ఆ వార్డులో చంటిబిడ్డలే లేరు.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ప్రతి మంచం దగ్గరా ఒకే మాట అడిగేది. "చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?" ఒక్కో మంచం దాటి ఆ మాట నా వైపు వస్తుంటే దుప్పటి మీదికి లాక్కునేదాన్ని. మా వైపు రోగిని ఏమడిగినా జవాబు చెప్పేది పక్కన కూర్చున్నవాళ్ళే. తిన్నదా, నిద్రపోయిందా, నొప్పి తగ్గిందా, అన్నీ వాళ్ళకే తెలుసు. దీనికీ వాళ్ళే చెప్పేవాళ్ళు.

"ఛ, అదేం మాట డాక్టరమ్మా. మా బిడ్డ బాగానే ఉండాది," అనేది అమ్మ. డాక్టరమ్మ అటు పోగానే నా తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచేది. "అట్టాంటి మాట పైకంటే తథాస్తు దేవతలు వింటారు." ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. మా ప్రార్థనలు మాత్రం ఆ దేవతలకు వినపడవు కాబోలు. నాకు ఒళ్ళు మండేది, భయమూ వేసేది. చచ్చినవాళ్ళ తరఫునే కదా పక్కవాళ్ళు మాట్లాడేది. నేను ఎప్పుడో పోయాను, ఇంకా ఎవరూ గమనించలేదంతే అనిపించేది.

ఒకరోజు అమ్మ పాలకు పోయినప్పుడు డాక్టరమ్మ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. అదే మాట అడిగింది.

"అనిపిస్తా ఉండాది," అన్నాను. చంటిబిడ్డ ఏడుపు సంగతీ చెప్పాను. గొంతు నాదిలాగా లేదు. కానీ చెప్పాక కాస్త ఊపిరి ఆడింది. ఆమె బెదరలేదు, తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని "మంచి పని చేశావు చెప్పి," అంది.

తలెత్తితే అమ్మ గుమ్మంలో ఉంది, చేతిలో ఫ్లాస్కుతో. అంతా విన్నది. కొంప మునిగిందనుకున్నాను. అమ్మ మంచం చివర కూర్చుని, నా వైపు చూడకుండా డాక్టరమ్మతో అంది: "ఇది పుట్టకముందు నాకొక మొగబిడ్డ పోయినాడు. అప్పుడు నన్నెవరూ అడగలా. ఆ ఏడుపు నాకింకా వినపడతానే ఉండాది."

నాకు అన్న ఒకడు పుట్టాడని అప్పటిదాకా నాకు తెలియదు.

డాక్టరమ్మ స్టూలు అమ్మ వైపు జరుపుకుని అదే మాట అడిగింది. అమ్మ పక్కనున్నది నేనే. "ఛ, లేదు" అని నోటిదాకా వచ్చింది. మింగేసి, అమ్మ చెప్పేదాకా కూర్చున్నాను.